చిన్న నంబరు, పెద్ద కన్నం

"చిన్న నంబరు, పెద్ద కన్నం! ఇదొక్కటి గుర్తుంటే సగం ఫొటోగ్రఫీ వచ్చేసినట్టే," అంటున్నాడు ఫోన్లో మాస్టారు.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

కెమెరా కొత్తగా పట్టుకున్నవాళ్ల కోసం ఆన్‌లైన్ క్లాసు అది. అరవైమంది చేరారు. ఆమె చెల్లెలి నంబరుతో, 'గోరింక' అని పేరు పెట్టుకుని, భర్తకు తెలియకుండా చేరింది. ఇలాంటి క్లాసులు బోలెడున్నా ఈ మాస్టారి దగ్గరే వినాలనుకుంది. ముందుగది తలుపు వేసి ఉంది. అయినా ఎందుకైనా మంచిదని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

"లెన్సులో వెలుతురు దూరే కన్నం ఉంటుంది. రెండు పెడితే బార్లా తెరుచుకుంటుంది. ఇరవై రెండు పెడితే సూది బెజ్జమే. మరి చీకటి గదిలో ఏది పెట్టాలి?"

"ఇరవై రెండు," అన్నారెవరో.

"పర్లేదండీ, అందరూ తడబడేది ఇక్కడే. మళ్లీ చెప్తాను."

అబ్బ, ఎంత ఓపిక! ఆమెకు ఒళ్లు మండిపోయింది.

పెళ్లైన కొత్తలో ఆమె కూడా ఈ పాఠం విన్నది. చెప్పినవాడు కట్టుకున్నవాడే. "చీకట్లో పెద్ద నంబరు పెట్టు, పెద్ద కన్నం తెరుచుకుంటుంది. తెరమీద నల్లగా కనిపిస్తే కంగారుపడకు, కంప్యూటర్లో తెల్లబడుతుంది," అన్నాడు. వేదవాక్కనుకుంది.

ఆ ధైర్యంతోనే తమ్ముడి పెళ్లి తీసింది. మూడొందల ఫొటోలూ బొగ్గు! "పెళ్లి తీశావా, కరెంటు పోతే తీశావా?" అన్నాడు పెదనాన్న. అందరూ విరగబడి నవ్వారు. తమ్ముడొక్కడే నవ్వలేదు. వాడి పెళ్లికి ఇంకో ఫొటో లేదు మరి.

"దానిది మట్టిబుర్ర, ఎంత చెప్పినా ఎక్కదు," అని భర్త అందరికీ సర్దిచెప్పాడు. కెమెరా బీరువాలోకి వెళ్లి పదకొండేళ్లయింది. తనది మట్టిబుర్రేనని ఆమె కూడా నమ్మేసింది.

"తెరమీద నల్లగా ఉంటే ఫొటో నల్లగా ఉన్నట్టే," అంటున్నాడు మాస్టారు. "అక్కడికక్కడే సరిచేసుకోవాలి."

ఆమె గబగబా చేతులు తుడుచుకుని టైపు చేసింది. 'సార్, పెద్ద నంబరుకు పెద్ద కన్నం అని నాకొక ఫొటోగ్రాఫరు నేర్పాడు. పొరపాటా, కావాలనా?'

మాస్టారు చదివి పకపకా నవ్వాడు.

"గోరింకగారూ! కెమెరా తెలిసినవాడు పొరపాటున అనే మాట కాదండీ ఇది. నీళ్లు కావాలంటే కుళాయి కట్టెయ్యమన్నట్టుంది! మీరెక్కడ మించిపోతారోనని వాడి ఏడుపు. అలాంటివాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకండి!"

అరవైమందీ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

పదకొండేళ్లు! నమ్మించి గొంతు కోశాడు.

క్లాసు అయిపోయింది.

ముందుగది తలుపు తెరుచుకుంది, చొక్కాకు తగిలించిన మైకు ఊడదీసుకుంటూ మాస్టారు వంటింట్లోకి వచ్చి, "ఏమే మట్టిబుర్రా, నా కాఫీ ఏదీ?" అన్నాడు.