ఉండకూడని సూర్యుడు

"ఈ బొమ్మలో సూర్యుడు ఉండటానికి వీల్లేదు," అంది హెలెన్, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుంటూ.

హెలెన్ ఊళ్ళోని చిన్న మ్యూజియంలో పాత చిత్రాలు పరిశీలించే మనిషి. వచ్చే నెల అక్కడ జరిగే సముద్ర చిత్రాల ప్రదర్శనలో తమ ఇంటి బొమ్మనీ పెట్టమని అనిక నాలుగు పేజీల వ్యాసం రాసి పంపింది. హెలెన్ సరేనంటే గోడ మీద బొమ్మ, పక్కనే వ్యాసం, దాని కింద పదిహేడేళ్ళ అనిక పేరు. ఆ వ్యాసమంతా ఈ సూర్యుడి గురించే. దిష్టి తగులుతుందన్నట్టు ఇంట్లో ఎవరినీ దాన్ని చదవనివ్వలేదు కూడా.

అమెరికాలో, నేపర్‌విల్‌లోని వాళ్ళింటి హాల్లో, సోఫా పైన ఉంది ఆ బొమ్మ. సంతకం లేదు. నూట యాభై ఏళ్ళ నాటిదని హెలెన్ వస్తూనే చెప్పింది. తుఫాను వెలిసిన సముద్రం, ఒక పక్కకి ఒరిగిన తెరచాప ఓడ, చీలిన మబ్బుల్లోంచి అలల మీదకి జారుతున్న వెలుగు. సరిగ్గా నడిమధ్య, ఆకాశం నీళ్ళని తాకేచోట, చిన్న ఎర్రటి సూర్యుడు. చుట్టూ సన్నటి బంగారు అంచు.

"వెలుగు ఎడమవైపు నుంచి వస్తోంది. ఓడ నీడ కుడివైపుకి పడింది. అంటే అసలు సూర్యుడు బొమ్మ బయట ఎక్కడో ఉన్నాడు. మరి మధ్యలో ఈయనెవరు?" అంది హెలెన్.

"నేను రాసిందీ అదే!" అంది అనిక. "వేసినవాళ్ళకి తెలియక కాదు, కావాలనే పెట్టారు. ఆ ఓడలో ఉన్నవాళ్ళ ఆశ అది."

"లేదా బొమ్మ తొందరగా అమ్ముడుపోవాలని ఏ దుకాణంవాడో తర్వాత తగిలించిన సూర్యుడు. అలాంటివి చాలా చూశాను. అదే అయితే నీ వ్యాసం..." హెలెన్ మాట పూర్తి చేయలేదు. ఆ అమ్మాయి మొహం చూస్తే చెయ్యబుద్ధి కాలేదు మరి.

డైనింగ్ టేబుల్ దగ్గర ఆఫీస్ కాల్‌లో ఉన్న రవికుమార్ మ్యూట్ నొక్కి ఇటు తిరిగాడు. ఎవరో పోయాక వాళ్ళింటి సామాన్లు అమ్మేసే ఎస్టేట్ సేల్‌లో ఈ బొమ్మని కొని, కార్లో పట్టక సగం డిక్కీ బయటపెట్టి తెచ్చిన ఘనత ఆయనదే.

"ఏమంటోందమ్మా?"

"సూర్యుడు ఫేక్ అంటుంది నాన్నా! నువ్వు కొన్నప్పుడు ఏమైనా చెప్పారా వాళ్ళు?"

"నేను ఫ్రేమ్ బాగుందని కొన్నానమ్మా. మధ్యలో ఏముందో ఎవడు చూశాడు?"

"ప్లీజ్, నువ్వు కాల్ చూసుకో."

హెలెన్ సంచిలోంచి భూతద్దం, చిన్న టార్చి తీసింది. మోకాలు సోఫా మీద ఆనించి, ముక్కు బొమ్మకి తగులుతుందేమో అన్నంత దగ్గరగా వంగింది. అనిక గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది.

"విచిత్రంగా ఉందే," అంది హెలెన్ చివరికి. "ఇది బ్రష్‌తో వేసింది కాదు. వేలితో అద్దింది. ఒకే ఒక్క అద్దు. ఇదిగో, వేలి గీతలు కూడా ఉన్నాయి."

అనిక భూతద్దం లాక్కున్నంత పని చేసింది. నిజమే. ఎరుపులో సన్నగా, వంపులు తిరిగి, మనిషి వేలి గీతలు.

"దుకాణంవాడు వేలితో వేస్తాడా?"

"వెయ్యడు. సన్నటి బ్రష్ పట్టుకుని బుద్ధిగా వేస్తాడు. పూర్తయిన బొమ్మ మీద ఇంత ధీమాగా వేలు పెట్టాలంటే అది తనది అనుకున్న మనిషే అయ్యుండాలి." హెలెన్ మళ్ళీ వంగి చూసింది. "వేలు కూడా చిన్నది. మగవాడిది కాదేమో."

"ఆడమనిషా?"

"ఎందుకు కాకూడదు? సంతకం ఎందుకు లేదో కూడా అర్థమవుతుంది అప్పుడు. ఆ రోజుల్లో చాలామంది ఆడవాళ్ళు తమ బొమ్మల మీద పేరు పెట్టుకునేవాళ్ళు కాదు."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నెల రోజులుగా వాదిస్తున్న అనికకి, ఆ కుందేలు నిజంగానే మూడు కాళ్ళతో కుంటుకుంటూ వచ్చి ఒళ్ళో కూర్చున్నట్టయింది. ఎగిరి హెలెన్‌ని వాటేసుకుంది.

"బొమ్మ ప్రదర్శనకి వస్తోంది. నీ వ్యాసమూ వస్తోంది," అంది హెలెన్ నవ్వుతూ. "కాకపోతే ఇంకో పేరా రాయాలి నువ్వు. ఆమె ఎవరై ఉంటుంది? ఆ వేలు పెట్టేటప్పుడు మనసులో ఏమనుకుని ఉంటుంది?"

గరాజ్ తలుపు చప్పుడైంది. క్లినిక్‌లో డ్యూటీ ముగించుకుని శశికళ లోపలికి వచ్చింది. బ్యాగ్ కింద పెట్టనివ్వకుండానే అనిక ఆమె చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చింది.

"అమ్మా, ఈ రెడ్ సన్ చూడు! దీని మీద ఒక లేడీ ఫింగర్‌ప్రింట్ ఉంది. ఆమె ఎవరో ఎవ్వరికీ తెలీదు!"

శశికళ బొమ్మకేసి చూసింది. భూతద్దం పట్టుకున్న హెలెన్ని చూసింది. కూతురి వెలిగిపోతున్న మొహం చూసింది. తన కుడిచేతి ఉంగరపు వేలిని మెల్లగా యూనిఫామ్‌కి తుడుచుకుంది.

"సూర్యుడేంటే? బొమ్మ ఇంటికొచ్చిన రోజు పసుపు అద్ది నేను పెట్టిన కుంకుమ బొట్టది."