సంఘం మంచం

చివరి రోజు మధ్యాహ్నం నా భార్య తనను కిందికి దించమంది. వీపు మండుతోందని, గచ్చు మీదైతే చల్లగా ఉంటుందని చెప్పింది. మా సోదర సంఘం వాడుకోమని ఇచ్చిన రోగుల మంచం మీద నుంచి ఎత్తి, చాప మీద పడుకోబెట్టాను. ఆయాసం ఎక్కువైంది. మళ్లీ మంచం ఎక్కిస్తానంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుని వద్దంది. చీకటి పడకముందే పోయింది.

ఈ సాయంత్రం సంఘం కార్యదర్శి మంచం కోసం వచ్చాడు. పరుపు మీద ఆమె పడుకున్న చోటు ఇంకా గుంట పడే ఉంది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"పక్క వీధి టైలరు పక్షవాతంతో నేల మీదున్నాడన్నా. వీపంతా పుళ్లు."

"మీ గోదాములో ఇంకోటి ఉందిగా."

"దాని మీద ఒకాయన పోయాడు. ఎవరూ గడప దాటనివ్వడం లేదు. మంచం వల్ల జబ్బు రాదని మీటింగు పెట్టి గొంతు పోయేలా చెప్పాను. చప్పట్లు కొట్టి, టీ తాగి వెళ్లిపోయారు."

"మరి ఇదెలా తీసుకుంటారు?"

"అబద్ధం చెప్పి ఇస్తాను, ఏం చేయను. మొన్న చూడ్డానికొచ్చినప్పుడు వదినకీ ఈ గోడు చెప్పుకున్నాను. 'దీనికి ఆ గతి పట్టనివ్వనులే మరిదిగారూ' అంది. ఏదో సరదాకి అందనుకున్నాను."

నేను గుమ్మం వదిలి పక్కకు జరిగాను.

రేపు ఉదయం మంచం నేనే టైలరు ఇంటికి తీసుకెళ్తాను. వాళ్లు అడక్కముందే చెబుతాను, దీని మీద ఎవరూ పోలేదని.