అభిప్రాయం లేని వ్యాసం

“భేష్! పదికి తొమ్మిది,” అంటూ ఇంగ్లీషు మాస్టారు ఎర్రపెన్నుకి మూత పెట్టారు. బల్లకి అవతల కూర్చున్న శిష్యురాలు ఆయన భార్యే.

తను రాయబోయే ఇంగ్లీషు పరీక్షకి సాధన చెయ్యమంటే, పెళ్ళయ్యాక మానేసిన నర్సు ఉద్యోగంలో తను మళ్ళీ ఎందుకు చేరాలో ఇంగ్లీషులో రాసిందామె.

“ఎనలిటికల్ ఎక్స్‌పోజిషన్, వాదించి ఒప్పించే వ్యాసం అంటే ఇదీ! నీ మాట చెప్పావు, కారణాలు చూపించావు, చివర్లో మళ్ళీ గట్టిగా నొక్కావు. చదివినవాడెవడూ కాదనలేడు.”

“అయితే సోమవారం నుంచి వస్తానని ఆస్పత్రికి ఫోన్ చెయ్యనా?”

మాస్టారు పకపకా నవ్వారు. “నా దగ్గర నేర్చుకుని నాకే ఎసరు పెడతావా? ఇది పరీక్ష కోసమేనే పిచ్చిదానా!”

ఆమె నవ్వలేదు.

“సరే, ఇప్పుడు రిపోర్ట్ రాయి. ఏనుగు గురించి రాస్తాం చూడు, అలా. ఎక్కడుంటుంది, ఏం తింటుంది, ఏం చేస్తుంది, అన్నీ ఉన్నదున్నట్టు రాయాలి. నీ అభిప్రాయం ఒక్క ముక్క కూడా ఉండకూడదు.”

ఆయన టీ తాగి వచ్చేసరికి కాగితం బల్లమీద సిద్ధంగా ఉంది. ఎర్రపెన్ను మూత తీసి, ఒక్కో వాక్యానికీ తెలుగు చెప్పుకుంటూ చదవసాగారు.

“భర్తలు ఇళ్ళలో నివసిస్తారు. వేడిగా వడ్డిస్తేనే తింటారు. తిన్న కంచం తియ్యరు. భార్య చెప్పిన కారణాలకి మార్కులు వేస్తారు.”

పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

“దిద్దండి,” అందామె. “అందులో నా అభిప్రాయం ఒక్క ముక్క కూడా లేదు.”