స్ట్రాంగ్లీ రికమెండెడ్

“సార్, ఒక మాట తక్కువైంది,” అంటూ నర్సు తన బదిలీ దరఖాస్తును మళ్ళీ ఆసుపత్రి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. అడుగున ‘రికమెండెడ్’ అని తన చేతిరాతే. కింద సంతకం.

“సరిగ్గానే ఉందిగా అమ్మా?”

“డ్రైవరుకి ‘స్ట్రాంగ్లీ రికమెండెడ్’ అని రాశారు. ఎక్స్‌రే ఆయనకీ అదే రాశారు. నాకేనా సార్, ఉత్త రికమెండెడ్?”

“ఆ మాట అక్కర్లేదమ్మా. నా మాట విను, ఇలాగే పంపించు.”

నర్సుకి ఒళ్ళు మండింది. మండి మాత్రం ఏం చేస్తుంది? పై ఆఫీసువాళ్ళు అడుగున ఉన్న ఆ ముక్కే చూస్తారని ఆసుపత్రిలో గోడలకి కూడా తెలుసు. ఏడాదికి ఒక్క దరఖాస్తే తీసుకుంటారు. ఇది పోతే మళ్ళీ ఏడాది దాకా నోరు మూసుకుని పడి ఉండాల్సిందే.

“మా పాపకి మూడేళ్ళు సార్. నేను బదిలీ అడిగిన ఊళ్ళోనే మా అత్తగారి దగ్గర పెరుగుతోంది. మొన్న వెళితే నన్ను చూసి ఆవిడ వెనక దాక్కుంది. ‘ఎవరే ఈవిడ?’ అని మా అత్తగారు అడిగితే, ‘సూదులేసే ఆంటీ’ అంది.”

“తెలుసమ్మా. తెలిసే అలా రాశాను,” అన్నాడాయన గొంతు తగ్గించి. ఇంకేదో చెప్పబోయాడు. గుమ్మం దగ్గర అప్పటికే అరడజను మంది చేరారు. నోటిదాకా వచ్చింది మింగేశాడు.

“ఒక్క మాట రాస్తే మీ సొమ్మేం పోతుంది సార్?” అంది పెద్ద నర్సు గుమ్మంలోంచే. “అందరికీ రాసిన చెయ్యి ఈ పిల్ల దగ్గరికొచ్చేసరికే నొప్పెట్టిందా?”

డ్రైవరు లోపలికే వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

సూపరింటెండెంటు ఎవరినీ మొహం మీద కాదనలేని మనిషి. అందులో నలుగురి ముందు అసలే కాదనలేడు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. చివరికి ‘రికమెండెడ్’కి ముందు ‘స్ట్రాంగ్లీ’ ఇరికించి, పక్కన పొట్టి సంతకం గీకాడు. నర్సు చేతులు జోడించింది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

దరఖాస్తులకి అదే ఆఖరి రోజు. ఆమె పూట సెలవు పెట్టి, బస్సులో నిలబడి వెళ్ళి, పై ఆఫీసు కిటికీ మూసే వేళకి కాగితం అందించింది. గుమాస్తా నంబరు వేశాడు, ముద్ర కొట్టాడు. పైన ఒక్క ముక్క చదవలేదు. అడుగున చూసి, ఎడమ పక్కన మోకాలెత్తున్న కట్ట మీద పడేశాడు. కుడి పక్కన రెండే కాగితాలున్నాయి.

“అన్నయ్యగారూ, అది తొందరగా చూసే కట్టేనా?” అని ఆశగా అడిగింది.

గడువు అయిపోయాక ఇంక దాచేదేముంది అనుకున్నాడో ఏమో, గుమాస్తా కిటికీ రెక్క వేస్తూ నవ్వాడు.

“మీ సారుకి మొహమాటం ఎక్కువమ్మా. అడిగినవాళ్ళందరికీ ‘స్ట్రాంగ్లీ’ తగిలించేస్తారు. అవన్నీ పక్కన పడెయ్యండి, నిజంగా ఇవ్వాల్సినవాళ్ళకి ఉత్త ‘రికమెండెడ్’ అనే రాస్తానని మా ఆఫీసరుకి ఎప్పుడో చెప్పి పెట్టారు!”