కారు అమ్మవు కదమ్మా?

సోమందేపల్లి దాటి ఎత్తు ఎక్కుతుండగా కారు నిలిచిపోయింది.

ఇంజన్ అరుస్తోంది. చక్రాలు మాత్రం కదలడం లేదు.

భారతి హ్యాండ్ బ్రేకు లాగింది. పెనుకొండ హైస్కూల్లో ఆమె లెక్కల టీచరు. ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడింది. క్లచ్ తొక్కలేదు. క్లచ్ లేని ఈ ఆటోమేటిక్ కారు వచ్చాకే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా హిందూపురం నుంచి బడికి వెళ్లడం మొదలుపెట్టింది. అది పద్నాలుగేళ్ల కిందటి మాట.

కారును హిందూపురం లాక్కొచ్చారు. మెకానిక్ ఓబులేసు దాని కిందినుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"గేర్‌బాక్స్ అరిగిపోయిండాది మేడమ్. ఆయిల్ మార్చి, సీళ్లు ఏసి, పైపైన రిపేరు చేస్తే ఆర్నెల్లు లాగుతాది. మళ్లీ యాడో ఒగచోట నిలబెడ్తాది."

"లేకుంటే?"

"మొత్తం ఊడబీకి, లోపలి సామాన్లు మార్చి కట్టాల. ఇంగ ఐదారేండ్లు దిగుల్లే. కానీ ఈ మోడలు ఆపేసి శానా దినాలాయె. సామాన్లు దొరకాల కదా?"

భారతి ఎక్కువసేపు ఆలోచించలేదు.

"ఆర్నెల్లకోసారి ఈ భయం నాకొద్దు ఓబులేసూ. విప్పి కట్టు. సామాన్లు యాడున్నా ఎతుకు."

మూడు వారాలు బస్సుల్లో తిరిగింది. ఎక్కడానికి ఒకరి చెయ్యి, దిగడానికి ఒకరి చెయ్యి.

ఒకరోజు ఓబులేసు ఫోన్ చేశాడు.

"ధర్మవరంలో సామాన్లు దొరికినాయి మేడమ్!"

కారు తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు గ్యారేజీలో ఒక ముసలాయన కనిపించాడు. మాసిన పంచె, భుజాన టవలు. కారు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

"ఈ బండి నువ్వే తోల్తావామ్మా?"

"అవును."

"ఇంగ ఎన్నేండ్లు తోల్తావు?"

భారతికి చిర్రెత్తింది. "నడిచినన్నేండ్లు."

"అమ్మవు కదమ్మా?"

అప్పుడర్థమైంది. పాత కార్ల బ్రోకర్! బండి బాగుపడిందని తెలిసి వాలిపోయినట్టున్నాడు.

"అమ్మేది లేదు," అని డోరు వేసుకుంది.

నెల తిరక్కుండానే ఆయన బడి గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. ధర్మవరం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా కారు పక్కనే కూర్చున్నాడట.

"బాగా పోతాందా తల్లీ? ఎత్తులో ఆగేది ఏమన్నా ఉండాదా?"

"లేదు."

"ఒక్క సుట్టు పక్కన కూచోబెట్టుకోని తిప్పుతావా? ఆ మలుపు దాంకా సాలు."

పిల్లలంతా చూస్తున్నారు. భారతికి తల కొట్టేసినట్టయింది.

"సూడు పెద్దాయనా, అమ్మనని ఒకసారి చెప్పినా. నీ బేరాలు ఇంగోచోట సూసుకో. మళ్లీ ఈడికొస్తే మర్యాదగా ఉండదు."

ముసలాయన కారును ఒకసారి చేత్తో నిమిరాడు.

"అమ్మనంటివి. అంతే సాలమ్మా," అని బస్టాండు వైపు నడిచాడు.

మళ్లీ రాలేదు.

ఐదు నెలలు గడిచాయి. కారు ఒక్కరోజు మొరాయించలేదు. ఆయిల్ చూపించడానికి ఓబులేసు దగ్గరికి వెళ్లిన భారతి నవ్వుతూ అడిగింది.

"ఆ బ్రోకర్ ముసలాయన ఏమాయె ఓబులేసూ? మళ్లీ బేరానికి రాలే!"

ఓబులేసు చేతిలో పానా ఆగింది.

"ఏ బ్రోకర్ మేడమ్?"

"అదే, ధర్మవరం ఆయన. బడికాడికి కూడా వచ్చినాడు. గట్టిగా చెప్పి పంపిస్తి."

ఓబులేసు పానా కింద పెట్టాడు.

"ఆయన మగ్గం నేసే చిన్నప్ప మేడమ్. పోయిన నెలలో సచ్చిపాయె."

భారతి నవ్వు ఆరిపోయింది.

"మీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్యాడు. తెలిస్తే ఆ తల్లి మనసు బరువెక్కుతాది, బండి తోలలేదు అన్యాడు. ఇంగ దాచి ఏం లాభం?"

"ఏం చెప్పొద్దన్నాడు?"

ఓబులేసు తల వంచుకున్నాడు.

"ధర్మవరంలో ఈ మోడలు కారు తోల్తాండింది ఒకే పాప మేడమ్, ఉషారాణి అని. మీ మాదిరే పోలియో కాలు. జరమొచ్చి, ఆ పాప పోయి మూడేండ్లాయె."

భారతి కారును పట్టుకుని నిలబడింది.

"అన్నేండ్లూ ఎవురడిగినా ఇయ్యని ఆ కారు తాళం, మీ కాలు సంగతి ఇని, సామాన్లు ఊడబీక్కోబ్బా అని నా చేతిలో పెట్టింది ఆయనే మేడమ్, ఆ పాప నాయన."