చెడిపోయిన మీటరు

క్రేను నడిపే మా బావమరిది పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు దగ్గర తూలాడు. షిఫ్టు ఇన్‌చార్జిని నేనే. తాగారో లేదో చూపే మీటరు వాడి నోటికి పెట్టి "ఊదరా," అన్నాను.

ఊదాడు. మీటరు సున్నా చూపించింది.

"మీటరు చెడింది. నువ్వు తాగావు. ఇవాళ్టితో నీ ఉద్యోగం సరి."

వాడు డాక్టరు చీటీ తీశాడు. "మెదడులో సహజంగా ఊరే స్టెరాయిడ్ నాకు ఎక్కువైందట బావా. తాగినట్టే తూలిస్తుందట. తగ్గేదాకా క్రేను వద్దు, కింద పనివ్వు."

"మెదడే సారా కాస్తోందా? అద్దెకిస్తావా?" అన్నాను. వెనక లైనులో ఉన్న పనివాళ్లు నవ్వారు.

"మీటరు చెడితే నువ్వూ ఊదు బావా."

చెడిందని నేనన్న మాటను నేనే నమ్మి, నాకూ సున్నానే వస్తుందని ఊదాను. తాగినట్టు మీటరు మీద ఎర్రదీపం వెలిగింది.

వాడు ఆ చీటీ మడిచి నా జేబులో కుక్కాడు.

"ఉంచుకో బావా. నీకూ మెదడులోనే ఊరిందని చెప్పుకో."