తెర వెనక పద్నాలుగో నంబరు

రెండేళ్లుగా తారక్ వయొలిన్‌తో పాటు ఒక మాట కూడా సాధన చేస్తున్నాడు.

"మీ సీటు నాకక్కర్లేదు సార్."

ఆ మాట ఆర్కెస్ట్రా కండక్టర్ బేక్ దోయున్ మొహాన కొట్టాలి. అంతకు ముందు ఆయనే తనను ఎంపిక చేయాలి.

కెనడాలోని విన్నిపెగ్‌కి చదువుకు వచ్చిన కొత్తలో తారక్ యూనివర్సిటీ ఆర్కెస్ట్రాలో చేరాడు. మొదటి రిహార్సల్లోనే, గురువు వీరభద్రం గారి దగ్గర పదేళ్లు నేర్చుకున్న గమకం వేళ్లలోంచి జారింది. బేక్ చేయెత్తి అందర్నీ ఆపాడు.

"ఎవరు నేర్పారు నీకిది?"

అరవై మంది నవ్వారు.

"ఈ సంగీతంలో స్వరం ఊగకూడదు. ఇవాళ్టికి బయట కూర్చో."

తారక్ మళ్లీ లోపలికి వెళ్లలేదు. తనను అంటే పడేవాడే. గురువుగారినంటే ఎలా పడతాడు? బేక్ పంపిన రెండు ఈమెయిళ్లనూ తెరవకుండానే డిలీట్ చేశాడు.

శత్రువు జాతకం మాత్రం బట్టీ పట్టాడు. పూసాన్‌లో పుట్టుక. చిన్నప్పుడు తల్లి దగ్గర కొరియా తంత్రీవాద్యం. సియోల్లో కంపోజిషన్, వియన్నాలో కండక్టింగ్. ఇప్పుడు నగర ఆర్కెస్ట్రా అంతా ఆయన చేతి కిందే.

ఆరుగురు కుర్రాళ్లుండే బేస్‌మెంట్‌లో, బట్టల అలమరలో దూరి వాయించేవాడు తారక్. స్వరం ఊగితే చాలు, మళ్లీ మొదటినుంచి.

"ఏందన్నా, ఇప్పుడు నువ్వు వాయిస్తున్నట్టే లేదు," అన్నాడు రూమ్మేట్ మల్లికార్జున్.

"ఉండకూడదనే," అన్నాడు తారక్ కసిగా.

బేక్ రాసిన కొత్త సింఫనీకి వయొలిన్ వాళ్లు కావాలని ప్రకటన వచ్చింది. ఆడిషన్‌లో వాయించేవాళ్లు తెరకి ఒక పక్క, బేక్ మరో పక్క. నోరు మెదపకూడదు. అడుగుల చప్పుడు కూడా వినిపించకుండా బూట్లు విప్పేయాలి. పేరుండదు, నంబరే.

పద్నాలుగో నంబరుగా తారక్ వాయించాడు. ఒక్క స్వరం కూడా చెదరలేదు.

సాయంత్రం ఫలితాలు చదివారు.

"పద్నాలుగు. చివరి వరస, చివరి కుర్చీ."

తారక్ గుండె ఉప్పొంగింది. తెర తప్పించుకుని నేరుగా బేక్ ముందుకెళ్లి నిలబడ్డాడు.

"మీ సీటు నాకక్కర్లేదు సార్."

బేక్‌కి కోపం రాలేదు. తారక్‌ని గుర్తుపట్టాడు. తర్వాత ముందున్న సింఫనీ స్వరలిపి కాగితాలను మెల్లగా అతని వైపు తిప్పాడు.

"ఇందులో సోలో వయొలిన్ భాగాన్ని రెండేళ్లు కూర్చుని నీ ఊగే స్వరం కోసమే రాశాను, పొద్దుటినుంచి దానికోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను, ఏ నంబరులోనూ నువ్వు లేవు."